ఏసమ్మ ఇంటి ముందు ముప్పై ఫీట్లు

శుక్రవారం పొద్దున రోడ్డు కొలవడానికి కార్పొరేషన్ నుంచి రమ్య అనే అమ్మాయి వచ్చేసరికి రామలింగం చెప్పులేసుకుని గేటు బయట తయారుగా ఉన్నాడు. గల్లీ కమిటీకి ఆయనే ప్రెసిడెంటు. ఇరవై రెండు ఇళ్లకు ప్రెసిడెంటంటే పెద్ద పదవేమీ కాదు. వీధిలైటు ఆరిపోతే ఫోన్ చేయాలి, వినాయకుడి చందాలకు తిరగాలి, ఇదిగో ఇలా కొలతలప్పుడు టేపు రెండో కొస పట్టుకోవాలి. వరంగల్ బజారులో నలభై ఏళ్లు స్టీలు సామాన్లు అమ్మి, దుకాణం కొడుకు చేతిలో పెట్టి, సుబేదారి వెనక ఈ గల్లీలో కూర్చున్నాక ఆయనకు మిగిలిన పెద్దరికం ఇదొక్కటే.

మంచినీళ్ల పైపులకని గల్లీని నడుమ చీల్చి పోయి ఏడు నెలలైంది. వానలు పడకముందే మళ్లీ సిమెంటు వెయ్యాలి. పద్ధతి పాతదే. ఖర్చులో రెండు వంతులు కార్పొరేషన్‌ది, మూడో వంతు ఇళ్లవాళ్లది. ఎవరి ఇంటి ముందు ఎన్ని ఫీట్ల రోడ్డుంటే వాళ్ల వంతు అంత. ఆ ఇంట్లో ఎందరున్నారు, ఏం తింటున్నారు అన్నది టేపుకు పట్టదు.

ఇస్త్రీ చేసే యాకమ్మ ఇంటి దగ్గర టేపు సాగుతూనే పోయింది. లేఔటు వేసినప్పుడు ఎటూ కాకుండా మిగిలిన పీలిక జాగా అది. రోడ్డు వెంబడి బారుగా ఉంటుంది, లోపలికి పన్నెండు ఫీట్లు కూడా లేదు.

“నలభై నాలుగు,” అంది రమ్య.

యాకమ్మ ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి బయటికొచ్చింది. “నలభై నాలుగేంది బిడ్డా? నా ఇంట్ల కాళ్లు సాపుకోని పంటే తల గోడకు తాకుతది.”

“లోపటికి కొలువమమ్మా. ముంగట ఎంతుంటే గంతే.”

“నవీన్ సారోళ్లకు ఎంతొచ్చింది?”

“ముప్పై.”

నవీన్‌ది నాలుగంతస్తుల మేడ, ఎనిమిది కిరాయిలు. యాకమ్మ తలెత్తి మేడను చూసింది. తల దించి తన రేకులను చూసుకుంది. “మంచిగున్నది లెక్క,” అని నవ్వి, మళ్లీ పోయి పెట్టె అందుకుంది.

ప్రెసిడెంటన్నవాడు అక్కడ ఒక మాట అనాల్సింది. రామలింగం అనలేదు. ఆయన మనసు అప్పటికే తర్వాతి ఇంటి మీదికి పోయింది.

అది ఏసమ్మ ఇల్లు, గల్లీ కార్నర్‌లో, సరిగ్గా రామలింగం ఇంటికి ఎదురుగా. తవ్విపోయిన నడిమి చీలిక పక్కన పెడితే గల్లీ అంతా సిమెంటే. ఏసమ్మ గేటు ముందు మాత్రం, ముప్పై ఫీట్ల పొడుగున, సగం రోడ్డు వెడల్పున, మట్టి. సిమెంటు అంచు నుంచి జానెడు లోతు. మూడేళ్ల కింద రోడ్డు వేసినప్పుడు ఆ ఇంటివాళ్లు కమిటీ అడిగినంత కట్టలేదు. కట్టనివాళ్ల ముందు రోడ్డెందుకని కమిటీ తీర్మానం చేసింది. కాంట్రాక్టరుకు సిమెంటు మిగిలే పని, వాడెందుకు కాదంటాడు? తీర్మానం రాసింది రామలింగం. సుద్దముక్కతో ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా వదిలెయ్యమని గీత గీసి చూపించిందీ ఆయనే.

ఆ మట్టిలోకి దిగకుండా, సిమెంటు అంచు మీదే వంగి టేపు పట్టుకున్నాడు.

“ముప్పై. రాసుకున్న అంకుల్, పోదాం.”

“పక్క సందు దిక్కో? కార్నర్ ఇల్లు కద. అటు ఇంకో యాభై ఉంటది.”

“కార్నర్ ఇండ్లకు దర్వాజ ఉన్న దిక్కే లెక్క.”

“కొత్త రూలా?”

“కాదంకుల్, ఎప్పటిసంది గదే. ఎందుకు?”

రామలింగం చేతిలోంచి టేపు జారింది. సరసరమంటూ పోయి రమ్య పిడికిట్లోకి చుట్టుకుంది.

‘నాకు ఒక్కటే దర్వాజ అన్నా. ఆ దిక్కు గోడకు కిటికీ గూడ లేదు. ముప్పైకి కడత, ఎనభైకి ఎందుకు కట్టాలె?’ మూడేళ్ల కింద ఏసమ్మ భర్త ఇమ్మానుయేలు అన్నమాట అది, ఇదే చోట నిలబడి. ఆర్టీసీ డ్రైవరుగా ముప్పై ఏళ్లు ములుగు అడవి దారిలో బస్సు నడిపి, ఒక్క మనిషికి గీరుడు పడనివ్వని మనిషి. ఆ రోజు టేపు రెండో కొస పట్టుకున్నది ఇమ్మానుయేలే. రామలింగం ఇరవై తొమ్మిదిన్నర అని చదివితే, ‘ఇంకో ఆరించులున్నయన్నా, మంచిగ చూడు’ అని తన వంతు తనే పెంచుకున్నాడు కూడా. అంత నిక్కచ్చి మనిషి ఎనభైకి ససేమిరా అన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అందరూ నవ్వారు. రామలింగం అందరికంటే గట్టిగా నవ్వాడు.

రమ్య తర్వాతి ఇంటికి నడిచింది. ఆయన వెనకే నడిచాడు కానీ, ఆ తర్వాత కొలిచిన ఇళ్ల కొలతలేవీ ఆయన చెవికెక్కలేదు.

గొడవ తర్వాత రెండిళ్లకూ మాటలు బందైనాయి. మాటబందుకు ఈ గల్లీలో రాయని కట్టడి ఒకటుంది. ముందు పలకరించినవాడు ఓడినట్టు. పెళ్లిపత్రిక ఇవ్వాలన్నా మధ్యలో మూడోమనిషి ఉండాలి. రోజూ ఎదురెదురు గేట్లు తీసుకుంటూ, ఎదురెదురు ముగ్గులు చూసుకుంటూ, ఇమ్మానుయేలూ రామలింగమూ మే నుంచి ఆగస్టు దాకా ఒకరికొకరు గోడలయ్యారు. వాన పడ్డప్పుడల్లా ఇమ్మానుయేలు పొద్దున్నే పార, తట్ట తీసుకొచ్చి ఆ గుంతలో మొరం మట్టి నింపేవాడు. వాన దాన్ని కొట్టుకుపోయేది. మళ్లీ నింపేవాడు. పై బాల్కనీలో చాయ్ తాగుతూ రామలింగం దాన్ని చూసేవాడు. నిజం చెప్పొద్దూ, చాయ్ కొంచెం రుచిగా కూడా ఉండేది.

ఆ ఆగస్టు పొద్దున వాన తెరిపివ్వలేదు. నిండిన తట్టతో ఇమ్మానుయేలు అంచు మీద కాలు పెట్టాడు, కాలు జారింది, పక్కవాటుగా నీళ్లలో పడ్డాడు. పడి, తల కొంచెం ఎత్తి, పైకి చూశాడు. రామలింగం గ్లాసు చేతిలో పట్టుకుని కిందికి చూస్తున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి.

లేస్తాడులే అనుకున్నాడు రామలింగం. తను ఉరికితే తనే ముందు పోయినట్టు. లోపలికి పోయి గ్లాసు తొట్లో పెట్టాడు. మొహం కడుక్కున్నాడు. పేపరు ఒక పేజీ తిప్పాడు. పాలుపోసే నర్సయ్య అరుపులు విని బయటికొచ్చేసరికి ఎంతసేపైందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. పావుగంటా? ఇరవై నిమిషాలా? అంతసేపూ ఆ మనిషి వాననీళ్లలోనే పడి ఉన్నాడు, వాన హోరులో ఇంట్లో ఉన్న ఏసమ్మకు కూడా తెలియలేదు. తుంటి విరిగింది. దవాఖానలో ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. పదకొండో రోజు పోయాడు.

గుంత సంగతి గల్లీలో ఎవరూ ఎత్తలేదు. షుగరుండె, వయసైపోయె అన్నారు. తను పైనుంచి చూసిన సంగతి రామలింగం భార్య సరస్వతికి కూడా చెప్పలేదు. అప్పటినుంచి తెల్లవారుజామున ఆయనకు పార చప్పుడు వినిపిస్తుంది. మొరం మీద ఇనుము గీసుకునే చప్పుడు, ఆగి ఆగి. వెనక గదిలోకి మంచం మార్చాడు. అక్కడికీ వచ్చింది. దుకాణం పక్క డాక్టరు చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. బాల్కనీ తలుపు తెరిచి ఎన్నాళ్లైందో, బోల్టు తుప్పు పట్టి ఇప్పుడు తెరుద్దామన్నా రాదు.

శనివారం పొద్దున ఇంటింటికీ వంతుల చీటీలు పంచడం ప్రెసిడెంటు పని. ఇరవై ఇళ్లు గంటలో అయిపోయాయి. ఇరవై ఒకటో చీటీ, ఏసమ్మది, పట్టుకుని రామలింగం తన వసారాలోనే కూర్చున్నాడు.

“ఆమె వంతు మనం కడదామనుకుంటాన,” అన్నాడు సరస్వతితో.

సరస్వతి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేయి ఆపలేదు. “పైసలిస్తే ఊకుంటదా ఆ చప్పుడు?”

ఆయన లేచాడు. ఎదురింటికి ఇరవై అడుగులు. మూడేళ్లలో ఆ ఇరవై అడుగులు రెండేసార్లు నడిచాడు, శవం లేచిన రోజు ఒకసారి, భోజనాల రోజు ఒకసారి. ఆ రెండుసార్లూ మంది మధ్యలో ఉన్నాడు. ఇప్పుడు ఒక్కడే మట్టిలోకి దిగి, గేటు గొళ్లెం చప్పుడు చేశాడు.

ఏసమ్మ వరండాలో చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కత్తిపీట పక్కన నల్లటి గింజలు చిన్న కుప్పగా ఉన్నాయి. గోడ మీద ఖాకీ చొక్కాలో ఇమ్మానుయేలు ఫొటో.

“రా సేటూ. కూసో.”

ఒకప్పుడు అన్నా అనేది. రామలింగం కుర్చీ అంచు మీద కూర్చుని చీటీ ఆమె ముందు పెట్టాడు.

“ముప్పై ఫీట్లే చెల్లె. పక్క దిక్కు లెక్కకు రాదట. రూలే గట్ల ఉన్నదట.”

“ఆయన గదే అన్నడు.”

“అవు. గదే అన్నడు.”

ఏసమ్మ చింతపండు తొనను కత్తిపీట మీద చీల్చి గింజను బొటనవేలితో నెట్టింది. కోపంగా ఏదైనా అంటే బాగుండుననిపించింది ఆయనకు. తిట్టినా పడేవాడు.

“నువ్వేం కట్టకు. నీ వంతు నేను కడత. ఫికర్ చెయ్యకు.”

“ఎందుకు?”

“ఒక్కదానివి ఉంటవు కద.”

“మూడేండ్ల సంది ఒక్కదాన్నే ఉన్న.” ఇంకో గింజ కుప్పలో పడింది. “ఎందుకో సరిగ చెప్పు సేటూ. చెప్తే తీసుకుంట.”

రామలింగం నోరు తెరిచాడు. ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ, నీ మొగుడు పడుతుంటే చూసి లోపలికి పోయానని ఎట్లా అంటాడు? నలభై ఏళ్లు గల్లాపెట్టె ముందు కూర్చుని మాట అమ్ముకున్న మనిషి, అవసరమైన ఒక్క మాటకు దివాలా తీశాడు.

“ఎదురింటోళ్లం కద,” అన్నాడు.

ఏసమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయి, మడతపెట్టిన నోట్లు తెచ్చి చీటీ మీద పెట్టింది. “రసీదు ఆయన పేరు మీద రాయి. ఇల్లు ఇంకా ఆయన పేరు మీదనే ఉన్నది.”

రామలింగం మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాశాడు. చెల్లించినవారు, ఇమ్మానుయేలు. మొత్తం సరిగా ఉంది, ఫీట్లు సరిగా ఉన్నాయి, తేదీ ఇవాళ్టిది. పోయిన మనిషి తన వంతు తనన్నట్టే, ముప్పైకి కట్టేశాడు. కింద రామలింగం పెట్టిన సంతకం ఎవరిదో సంతకంలా వచ్చింది. మళ్లీ పెడదామా అనుకుని, సిగ్గేసి, చించి ఇచ్చాడు.

గేటు దాటుతుండగా వెనక పార చప్పుడైంది. పట్టపగలు వినడం అదే మొదటిసారి. తిరిగి చూశాడు. ఏసమ్మ చాప మీద కూర్చునే ఉంది, చింతపండు తీస్తూనే ఉంది. మెత్తటి పని, దానికి చప్పుడే ఉండదు.

ఆదివారం సాయంత్రం అయిదింటికి రామలింగం ఇంటి పోర్టికోలో మీటింగు. కిరాయి కుర్చీలు వచ్చాయి. సరస్వతి చాయ్ పంచింది. నవీన్ అందరికంటే ముందు వరుసలో, ఫోను ఒక తొడ మీద, కమిటీ రిజిస్టరు ఇంకో తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. సెక్రటరీ అతనే. ఏసమ్మ పొద్దున చర్చికి కట్టుకున్న తెల్లచీరతోనే వచ్చి వెనకాల గోడ పక్కన కూర్చుంది. మూడేళ్లలో ఆమె మీటింగుకు రావడం ఇదే మొదలు. ఆమెకు అటూ ఇటూ ఒక్కో కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. చివరికి యాకమ్మ వచ్చి అందులో ఒకదాంట్లో కూర్చుంది.

అందరి వంతులూ వచ్చాయి, యాకమ్మది తప్ప.

“సగం ఇప్పుడు కడత. సగం దసరకు కడత,” అంది యాకమ్మ నిలబడి. “నలభై నాలుగు ఫీట్లంటే నాతోని అయ్యేది కాదు సేటూ. జర సమజ్ చేసుకోన్రి.”

“అక్కా, అందరు గట్లనే అంటే రోడ్డెట్ల పడతది?” అన్నాడు నవీన్, మర్యాదగానే. “దసర దాకా కాంట్రాక్టరు ఆగుతడా? అంకుల్, ఇందుల కొత్తగ ఆలోచించేదేమున్నది? మన పాత తీర్మానం ఉండనే ఉన్నది.” రిజిస్టరు వెనక్కి తిప్పి చదివాడు. “‘వంతు చెల్లించని ఇంటి ముందు భాగమున రోడ్డు వేయరాదని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.’ అంకుల్ చేతిరాతనే. అప్పుడు పనిచేసింది. ఇప్పుడు గూడ చేస్తది.”

ఒకరిద్దరు తలలూపారు. యాకమ్మ కూర్చుంది. గోడ పక్క ఏసమ్మ చాయ్ గ్లాసును రెండు చేతుల మధ్య పట్టుకుని అందులోకే చూస్తోంది.

“ఏం పనిచేసింది?” అన్నాడు రామలింగం.

“అంటే... ఆ తర్వాత ఎవ్వలు బాకీ పెట్టలే కద అంకుల్, దేనికీ.”

“మనిషిని చంపింది. అదీ అది చేసిన పని.”

గ్లాసులు ఆగిపోయాయి. రామలింగం లేచి నిలబడ్డాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. “ఇమ్మానుయేలు మనం ఇడిసిపెట్టిన గుంతల పడి సచ్చిపోయిండు. షుగరుతోని కాదు. వయసుతోని కాదు. మన గుంతల పడి. ఇంకోటి గూడ ఇనున్రి. ఆయనన్న లెక్కనే కరెక్టు. కార్నర్ ఇంటికి దర్వాజ దిక్కే కట్టాలె. రూలే అది. మనం ఆయన్ను అడగరానిది అడిగి, ఇయ్యలేదని శిక్ష ఏసినం.”

గుమ్మడికాయల దొంగ ఎవరని అడగకముందే అందరూ భుజాలు తడుముకున్నారు. షుగరుండె కదా అని ఒకరు, డాక్టరే అన్నడని ఇంకొకరు, మాకేమెరుక, పెద్దోళ్లు పెట్టమంటే సంతకం పెట్టినం అని వెనకనుంచి ఒకరు. నవీన్ మొహం ఎర్రబడింది. “గట్లంటే ఎట్ల అంకుల్? అందరం సంతకాలు పెట్టినం. అందరం హంతకులమా?”

“సంతకాలు అందరివి. రాసింది నేను, గీత గీసింది నేను.” రామలింగం చేయి చాపి రిజిస్టరు తీసుకున్నాడు. పాత తీర్మానం మీద ఆ చివర నుంచి ఈ చివరకు పెన్నుతో కొట్టేసి, కింద సంతకం పెట్టాడు. “యాకమ్మ ఇంటి ముంగట రోడ్డు పడతది. తక్కువైంది మేం భరిస్తం, ఎవ్వలొస్తే వాళ్లం. నవీన్, ఆమె ఇల్లు లోతు పన్నెండు ఫీట్లు. మీ ఇల్లు లోతెంత? ఎత్తెంత?”

నవీన్ చాయ్ తాగకుండానే లేచిపోయాడు. అతని వెనక ఇద్దరు పోయారు. మిగిలినవాళ్లలో నలుగురు తామూ కొంత వేసుకుంటామన్నారు. ఇద్దరు ఇంట్లో అడిగి చెప్తామన్నారు. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, చెప్పులు వెతుక్కున్నారు.

పోర్టికో ఖాళీ అయింది. లోపల సరస్వతి గ్లాసులు కడుగుతోంది. రామలింగం ఒక కుర్చీలో ఇంకో కుర్చీ పెడుతూ పోయాడు. ఒళ్లు తేలికైంది. ఎన్నాళ్లకో కడుపు నిండా గాలి పీల్చుకున్నట్టు ఉంది. ఇక ఈ రాత్రి నిద్ర పడుతుందేమో అనుకున్నాడు. అనుకుని, తలెత్తి చూస్తే ఏసమ్మ ఇంకా గోడ పక్కనే ఉంది.

ఆమె గ్లాసు కింద పెట్టి లేచింది. “మంచిగ చెప్పినవు సేటూ. మూడేండ్ల సంది ఒక్కలన్న అంటరేమోనని చూసిన. భోజనాలనాడు అందరచ్చిండ్రు, అన్నం తిన్నరు, ఒక్కలు గూడ అనలే. నాకే మతి పోయిందేమో అనుకున్న.”

“చెల్లె...”

“పోతాన. దీపాల యాళ్లయింది.”

ఆమె గేటు వైపు నడిచింది. పోనిస్తే పోతుంది. ఆమెకు కావాల్సిన మాట దొరికింది, గల్లీ అంతా విన్నది, తనకు మంచి పేరే మిగిలింది. ఇంకొక్క మాట చెప్తే ఆ పేరు పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆమె గొళ్లెం మీద చెయ్యి వేసింది. రామలింగం చేతిలో కుర్చీ అట్లాగే ఉంది.

“ఏసమ్మా, ఇంకోటి ఉన్నది.”

ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు.

“ఆనాడు నేను పైనున్న. ఆయన పడంగ చూసిన. ఆయన గూడ నన్ను చూసిండు. మాటల్లెవ్వు కద, నేనెందుకు ముందు పోవాలె అనుకోని... లోపటికి పోయిన. నర్సయ్య ఒర్లేదాక బయటికి రాలే.”

రోడ్డు మీద ఎవరిదో స్కూటరు పోయింది. లోపల గ్లాసుల చప్పుడు ఆగింది, సరస్వతి విన్నదేమో.

“నాకెరుకే,” అంది ఏసమ్మ.

రామలింగానికి అర్థం కాలేదు.

“దవాఖాన్ల చెప్పిండు. సేటు చూసిండు, వస్తాండు అన్కున్న, అందుకే అరవకుంట అట్లనే పండుకున్న అన్నడు.”

ఆమె గేటు తీసింది. రోడ్డు దాటి, సిమెంటు అంచు దగ్గర ఆగి, చీర కొంచెం ఎత్తిపట్టుకుని మట్టిలోకి దిగి, తన ఇంట్లోకి పోయింది.